పత్తి విత్తనం మీద హక్కు ఎవరిది? జన్యుమార్పిడి పంటలు, పేటెంట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోహిణి కార్తె దగ్గర పడుతుందంటే వరంగల్ విత్తన దుకాణాల ముందు ఏటా ఒకే రకం ప్రశ్నలు వినిపిస్తాయి. ఏ కంపెనీ ప్యాకెట్ కొనాలన్నది వాటిలో మొదటిది. దానికి ఈ పేజీలో జవాబు ఉండదు. విత్తనం మీద కంపెనీకి ఉన్న హక్కు ఎంత, రైతుకు ఉన్న హక్కు ఎంత, పంట పోయినప్పుడు ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నవే ఇక్కడి విషయాలు. నర్సంపేట, పరకాల, జనగామ, భూపాలపల్లి ప్రాంతాల పత్తి రైతులు సాధారణంగా అడిగే మాటలనే ప్రశ్నలుగా పెట్టాం.

బీటీ పత్తి, హైబ్రిడ్ పత్తి రెండూ ఒకటేనా?

ఒకటి కావు. కానీ మన దేశంలో ఆ రెండూ ఒకే ప్యాకెట్‌లో వస్తున్నందున ఒకటిగానే కనబడతాయి. బీటీ అంటే నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు. దాన్ని పత్తి మొక్కలోకి చేర్చితే కాయతొలుచు పురుగులను చంపే ప్రొటీన్ మొక్కలోనే తయారవుతుంది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రులను సంకరం చేసి తీసిన మొదటి తరం విత్తనం. మొదటిది ప్రయోగశాల పని, రెండోది చేలో చేతితో చేసే పని. చైనాలో బీటీ జన్యువును ఎక్కువగా సూటి రకాలలో, అంటే గింజ దాచి విత్తినా మళ్ళీ అదే రకం మొక్క వచ్చే వాటిలో, పెట్టారు. మన దగ్గర దాదాపు పూర్తిగా హైబ్రిడ్లలోనే పెట్టారు. ఈ తేడాను గుర్తుంచుకోండి, కింద వచ్చే సగం జవాబులు దీని మీదనే ఆధారపడి ఉన్నాయి.

మన చట్టం ప్రకారం విత్తనానికి పేటెంటు ఇస్తారా?

ఇవ్వరు. 1970 నాటి పేటెంట్ల చట్టంలో, 2002 సవరణతో చేరిన సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు, జాతులు పేటెంటుకు అర్హమైనవి కావు. సూక్ష్మజీవులకు మాత్రమే మినహాయింపు ఉంది. సెక్షన్ 3(హెచ్) ప్రకారం సాగు పద్ధతులకు కూడా పేటెంటు లేదు. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో హక్కుల (ట్రిప్స్) ఒప్పందంలోని 27.3(బి) అధికరణం మొక్కల రకాలను పేటెంటుతో గానీ, వేరే ప్రత్యేక చట్టంతో గానీ, రెండింటితో గానీ కాపాడాలని సభ్య దేశాలను కోరింది. అమెరికా పేటెంటు దారిని కూడా ఉంచుకుంది. భారతదేశం ప్రత్యేక చట్టాన్ని ఎంచుకుంది. అదే 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకైతే ట్రిప్స్ నిబంధనలలో అధిక భాగాన్ని అమలు చేయడానికి 2034 జూలై 1 వరకు గడువు ఉంది.

మరి బీజీ-2 (బోల్‌గార్డ్-2 బీటీ పత్తి) మీద పేటెంటు ఉందని విన్నామే?

నిజమే, ఉండేది. అందులోని మెలిక ఏమిటంటే, పేటెంటు పత్తి మొక్క మీద కాదు, మొక్కలోకి చేర్చిన జన్యు క్రమం మీద తీసుకున్నారు. 2002 మార్చిలో అనుమతి పొందిన మొదటి తరం బీటీ పత్తి, అంటే బోల్‌గార్డ్-1, మీద మన దేశంలో పేటెంటే లేదు. 2006లో అనుమతి పొందిన బోల్‌గార్డ్-2కు సంబంధించి అమెరికా కంపెనీ మోన్‌శాంటో 1999లో దరఖాస్తు చేయగా 2008లో పేటెంటు మంజూరైంది.

రాయల్టీ విషయంలో మోన్‌శాంటోకూ, లైసెన్సు తీసుకున్న నూజివీడు సీడ్స్‌కూ మధ్య తలెత్తిన వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. 2018 ఏప్రిల్‌లో ఆ కోర్టు డివిజన్ బెంచ్ పేటెంటు చెల్లదని తీర్పు ఇచ్చింది. జన్యు క్రమం మొక్కలో ఇమిడిపోయాక అది మొక్కలో భాగమే అవుతుంది కాబట్టి సెక్షన్ 3(జె) దానికీ వర్తిస్తుందన్నది ఆ బెంచ్ వాదన. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టింది. ఇది నిపుణుల సాక్ష్యంతో, పూర్తి విచారణతో తేల్చాల్సిన సంగతి అని చెప్పి కేసును వెనక్కి పంపింది. విచారణ పూర్తికాకముందే 2019 చివరలో పేటెంటు గడువు ముగిసింది. 2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కాబట్టి మొక్కలో చేరిన జన్యువు మీద పేటెంటు హక్కు ఎంతవరకు అన్న అసలు ప్రశ్నకు మన దేశంలో తుది జవాబు రాలేదు. రేపు మరో జన్యువుతో మరో పంట వచ్చినప్పుడు ఇదే వాదన మళ్ళీ మొదలవుతుంది.

పేటెంటు లేని బోల్‌గార్డ్-1కు కూడా రాయల్టీ ఎలా వసూలు చేశారు?

ఇది చాలామంది గమనించని ముఖ్యమైన ప్రశ్న. కంపెనీల మధ్య కుదిరిన లైసెన్సు ఒప్పందాల ద్వారా వసూలు చేశారు. జన్యువు ఉన్న మూల విత్తనం ఒకరి దగ్గరే ఉన్నప్పుడు, దాన్ని పొందాలంటే వారి షరతులకు ఒప్పుకోవాల్సిందే. అందుకు పేటెంటు అవసరం లేదు. తొలి సంవత్సరాల్లో 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 నుంచి రూ.1,850 వరకు పలికేది, అందులో రూ.1,250 దాకా సాంకేతికత రుసుమే (రాయల్టీ) ఉండేది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ప్యాకెట్ ధరను రూ.750కి దించింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయానికి ప్రత్యేక చట్టమే చేసింది. అది జరగడానికి మన జిల్లా రైతుల అనుభవం కూడా ఒక కారణం: 1997-98లో లద్దెపురుగు, శనగపచ్చ పురుగు పత్తిని నాశనం చేసినప్పుడు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతుల ఊర్లు వరంగల్ చుట్టూ ఎన్నో ఉన్నాయి.

కేంద్రం 2015 డిసెంబరులో పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బీజీ-2 ప్యాకెట్ గరిష్ఠ ధర రూ.800, అందులో సాంకేతికత రుసుము రూ.49. ఆ రుసుము 2018లో రూ.39కి, 2019లో రూ.20కి తగ్గి, 2020లో సున్నా అయ్యింది.

రుసుము పోయింది కదా, మరి ప్యాకెట్ ధర ఎందుకు పెరుగుతోంది?

2020లో రూ.730 ఉన్న గరిష్ఠ ధర 2025 నాటికి రూ.901కి చేరింది. ఇది పేటెంటు వల్ల పెరిగిన ధర కాదు. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అద్దాలి; కూలి ఖర్చు పెరిగిందని కంపెనీలు అడుగుతాయి, కేంద్రం ఏటా కొంత పెంచుతుంది. అంటే పేటెంటు గడువు తీరినా రైతు ప్రతి సంవత్సరం దుకాణానికి వెళ్ళక తప్పడం లేదు. మా ఉద్దేశంలో రైతును కట్టిపడేసిన తాడు పేటెంటు కన్నా హైబ్రిడ్డే.

నా చేలో పండిన పత్తి గింజను దాచుకుని వచ్చే ఏడు విత్తుకుంటే కేసు పెడతారా?

2001 చట్టంలోని సెక్షన్ 39(1)(iv) ప్రకారం రైతు తన పంటను, విత్తనంతో సహా, దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ రకం మరొకరి పేరున రిజిస్టరై ఉన్నా సరే ఈ హక్కు ఉంటుంది. ఒక్క షరతు ఏమిటంటే, దాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ చేసి అమ్మకూడదు. రైతుకు ఇంత విశాలమైన హక్కు ఇచ్చిన చట్టాలు ప్రపంచంలో తక్కువ.

అయితే ఆ హక్కును పత్తిలో వాడుకోవడానికి దారి లేదు. హైబ్రిడ్ గింజను దాచి విత్తితే రెండో తరంలో మొక్కలు ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి, కొన్నింటిలో బీటీ జన్యువు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, దిగుబడి పడిపోతుంది. చట్టం తలుపు తెరిచి ఉంచింది, విత్తనమే లోపలి నుంచి గడియ పెట్టుకుంది. వరి, పెసర, కంది సూటి రకాలలో మాత్రం ఇదే హక్కు రోజూ పనికొస్తుంది; మన ఊర్లలో వరి విత్తనం ఇంటి నుంచి ఇంటికి మారేది ఈ హక్కు కిందనే.

పక్క చేనులోంచి పుప్పొడి వచ్చి నా పంటలో జన్యువు చేరితే నేను బాధ్యుడినా?

ఈ భయం కెనడా నుంచి వచ్చింది. సస్కాచివాన్ రాష్ట్రంలో కనోలా అనే నూనెగింజల పంట పండించే పెర్సీ ష్మైసర్ పొలంలో మోన్‌శాంటో పేటెంటు ఉన్న, కలుపు మందును తట్టుకునే మొక్కలు కనిపించాయి. 2004లో కెనడా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీ వైపు తీర్పు చెప్పింది. అయితే ఆ విత్తనం వల్ల ఆయనకు అదనపు లాభం రాలేదంటూ డబ్బు కట్టమని అడగలేదు. ఆ తీర్పులో తరచుగా దాటవేసే అంశం ఒకటుంది: మొక్కలు ఎలా వచ్చినా, వాటిలో మందును తట్టుకునేవేవో తెలిసి ఆయన గింజను దాచి మళ్ళీ విత్తారన్నది కోర్టు నిర్ణయానికి ఆధారం. అమెరికాలో బోమన్ అనే సోయా రైతు, ధాన్యం కొట్టు నుంచి కొన్న గింజలను విత్తినందుకు 2013లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో ఓడిపోయారు.

మన దగ్గర పరిస్థితి వేరు. వంగడాల చట్టం సెక్షన్ 42 ప్రకారం, హక్కు ఉందని తెలియక రైతు చేసిన పని ఉల్లంఘన కాదు. పేటెంట్ల చట్టం సెక్షన్ 111 ప్రకారం కూడా, పేటెంటు ఉందని తెలియదనీ, తెలుసుకునే ఆస్కారం లేదనీ రుజువు చేసినవారి నుంచి నష్టపరిహారం వసూలు చేయరు.

అయితే కంపెనీలు మన రైతుల మీద ఎన్నడూ కేసులు వేయలేదా?

వేశాయి. 2019 ఏప్రిల్‌లో గుజరాత్‌లో బంగాళాదుంప రైతుల మీద పెప్సికో కేసులు వేసింది. చిప్స్ కోసం రిజిస్టర్ చేసుకున్న ఎఫ్‌ఎల్ 2027 అనే రకాన్ని అనుమతి లేకుండా పండించారన్నది ఆరోపణ. దేశమంతా వ్యతిరేకత రావడంతో కేసులను వెనక్కి తీసుకుంది. అది జన్యుమార్పిడి పంట కాదు, పేటెంటు కేసూ కాదు; అయినా సెక్షన్ 39 ఉన్నా రైతు కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చని చూపిన సంఘటన. 2021లో ఆ రకం రిజిస్ట్రేషన్‌ను వంగడాల చట్టం కింద రకాలను రిజిస్టర్ చేసే ప్రాధికార సంస్థ రద్దు చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ కంపెనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

బీటీ ఉన్నా గులాబీ రంగు పురుగు ఎందుకు వస్తోంది?

పురుగు ఆ ప్రొటీన్‌కు అలవాటు పడింది. గుజరాత్‌లో బోల్‌గార్డ్-1ను తట్టుకునే గులాబీ పురుగును 2010 నాటికే గుర్తించారు. 2014-15 నాటికి బోల్‌గార్డ్-2ను కూడా తట్టుకుంది. ఎందుకంత త్వరగా జరిగిందో చూడాలి. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట మీద కూడా బతుకుతుంది కాబట్టి బీటీ ప్రభావం సోకని పురుగులు చేలలో ఎప్పుడూ మిగిలి, నిరోధకత పెరగకుండా ఆపుతాయి. గులాబీ పురుగుకు ప్రధానంగా పత్తే ఆహారం. దానికి అలాంటి వేరే ఆశ్రయం లేదు.

ఆ ఆశ్రయాన్ని మనమే ఇవ్వాలని 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ ఐదు వరుసలుగా గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతంలో గానీ, ఏది ఎక్కువైతే అంత వేయాలన్నది నియమం. నిజం చెప్పాలంటే రెండెకరాల రైతు ఐదో వంతు భూమిని పురుగుకు వదిలేస్తాడని ఆశించడమే తప్పు. ఆ చిన్న ప్యాకెట్లు చాలావరకు గట్ల మీదే పోయాయి. దీనికి తోడు పత్తిని ఫిబ్రవరి దాకా చేలో ఉంచడం, పత్తి కట్టెను కుప్పలు వేయడం, జిన్నింగ్ మిల్లుల్లో గింజ నిల్వలు పేరుకుపోవడం పురుగుకు ఏడాది పొడవునా చోటిచ్చాయి. హైబ్రిడ్ కాయలోని గింజల్లో కొన్నింటికి బీటీ ఉండి కొన్నింటికి లేకపోవడం కూడా పురుగు అలవాటు పడటానికి తోడ్పడింది.

ఇందులో హక్కు కోణం ఏమిటంటే, సాంకేతికత పనిచేసిన సంవత్సరాల్లో దాని విలువను రుసుముగా వసూలు చేశారు. పనిచేయడం మానేశాక పెరిగిన మందుల ఖర్చు మాత్రం పూర్తిగా రైతుదే అయ్యింది. పేటెంటు చట్టంలో గానీ, ధరల ఉత్తర్వులో గానీ ఆ భారాన్ని పంచే ఏర్పాటు లేదు.

"బీజీ-3" అని అమ్ముతున్న పత్తి వేయవచ్చా?

వేయవద్దు. ఆ పేరుతో అమ్మే విత్తనం గ్లైఫోసేట్ కలుపు మందును తట్టుకునే పత్తి. దానికి జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ అనుమతి లేదు కాబట్టి అమ్మడమూ, వేయడమూ చట్టవిరుద్ధమే. కలుపు మందును తట్టుకునే పత్తికి పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో ధరల వివాదం మధ్య తానే వెనక్కి తీసుకుంది. ఆ జన్యువు మాత్రం చేలలోకి దొంగదారిన వచ్చేసింది. 2017లో తెలంగాణతో సహా పలు రాష్ట్రాల్లో దాన్ని గుర్తించారు.

కలుపు కూలి ఎకరాకు ఎంతవుతుందో తెలిసినవారెవరూ రైతు ఆశను తప్పుపట్టలేరు. కానీ ఈ విత్తనం లూజుగా, బిల్లు లేకుండా వస్తుంది. మొలవకపోయినా, పురుగు తిన్నా, అమ్మినవాడి పేరు కూడా చెప్పుకోలేని స్థితి. కల్తీ విత్తనం అమ్మేవారిని తెలంగాణలో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధించవచ్చు; దానివల్ల పోయిన పంట తిరిగి రాదు. పక్క చేలో మిర్చో, కందో ఉంటే గాలికి కొట్టుకొచ్చిన గ్లైఫోసేట్ దాన్ని మాడ్చేస్తుంది, అక్కడి నుంచి పంచాయితీ మొదలవుతుంది.

బీటీ పత్తి చేలో మేసి గొర్రెలు చనిపోతాయా?

2006లో వరంగల్ జిల్లాలోని పలు గ్రామాల గొర్రెల కాపరులు, పత్తి ఏరిన చేలలో మేసిన తర్వాత గొర్రెలు చనిపోయాయని చెప్పారు. ఆ వార్త దేశమంతా పాకింది. చావులకు బీటీ ప్రొటీన్ కారణమని రుజువు కాలేదని నియంత్రణ సంస్థ పేర్కొంది. చేలో మిగిలిన పురుగుమందుల అవశేషాలు, నైట్రేట్లు కారణమై ఉండవచ్చన్న అభిప్రాయమూ వచ్చింది. మందు కొట్టిన చేలోకి జీవాలను తోలకూడదన్న జాగ్రత్త మాత్రం బీటీ అయినా కాకపోయినా పాటించాల్సిందే.

విత్తనం విఫలమైతే నష్టపరిహారం ఎలా పొందాలి?

మొదట బిల్లు. లాట్ నంబరుతో సహా బిల్లు అడిగి తీసుకోండి, ఖాళీ ప్యాకెట్, దానిపై ఉన్న చీటీ దాచండి. మొలక రాకపోయినా, పూత కాత లేకపోయినా ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పంట చేలో ఉండగానే అధికారులు, శాస్త్రవేత్తలు చూసేలా పట్టుబట్టండి. చేను దున్నేశాక ఏ నివేదికా రాదు.

ఆ తర్వాత రెండు దారులున్నాయి. వంగడాల చట్టం సెక్షన్ 39(2) ప్రకారం, రిజిస్టరైన రకం చెప్పినంత దిగుబడి ఇవ్వకపోతే ప్రాధికార సంస్థ దగ్గర పరిహారం కోరవచ్చు. రెండోది వినియోగదారుల కమిషన్. ఆచరణలో ఇదే దగ్గరి దారి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని స్పష్టం చేసింది. కొన్న విత్తనమంతా విత్తేసే రైతు పరీక్ష కోసం గింజలు దాచి ఉంచాలని అనడం సరికాదని కూడా చెప్పింది. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు.

ఈ విషయంలో పాత చేదు జ్ఞాపకం ఒకటుంది. బీటీ వచ్చిన తొలి ఏడాదే వరంగల్ ప్రాంతంలో ఎంతోమందికి పంట దెబ్బతింది. 2005లో జీఈఏసీ మొదట అనుమతించిన మూడు హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. అంటే విత్తనం సరిగా లేదని తేలడానికి మూడు పంటకాలాలు పట్టింది.

ఇతర పేద దేశాల అనుభవం ఏమిటి?

రెండు ఉదాహరణలు చాలు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో బీటీ పత్తి పురుగును బాగానే ఆపింది, కానీ పింజ పొడవు తగ్గింది. పొడవు పింజకు పేరున్న ఆ దేశపు పత్తికి ధర పడిపోయి, అక్కడి పత్తి కంపెనీలు 2016 నుంచి దాన్ని వదిలేశాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పింజ చూసి ధర కట్టేది తెలిసినవారికి ఈ నష్టం వేరుగా వివరించనక్కర్లేదు.

బంగ్లాదేశ్ వేరే దారి పట్టింది. 2013లో అనుమతించిన బీటీ వంకాయను ప్రభుత్వ పరిశోధన సంస్థే సూటి రకాలలో పెట్టి రైతులకు ఇచ్చింది. గింజ దాచుకునే వీలు ఉంది. అదే జన్యువున్న వంకాయకు మన దేశంలో 2009లో జీఈఏసీ అనుమతి లభించినా, 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. ఈనాటికీ అది నిలిచే ఉంది. ఆ వంకాయలో స్థానిక రకాలను అనుమతి లేకుండా వాడుకున్నారని 2011లో జాతీయ జీవవైవిధ్య సంస్థ చట్టపరమైన చర్యకు పూనుకుంది. జన్యువు ఒకటే, దాన్ని ఎవరు, ఏ రూపంలో ఇస్తారన్నదాన్ని బట్టి రైతు హక్కు మారిపోతుంది.

జన్యు సవరణ చేసిన సాంబ మసూరి వచ్చిందంటున్నారు. దానికీ పేటెంటు ఉంటుందా?

2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలలో ఒకటైన డీఆర్‌ఆర్ ధన్ 100, అంటే కమల, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి రూపొందించింది. ఇందులో బయటి జన్యువు లేదు కాబట్టి, 2022 మార్చి నాటి కేంద్ర నిర్ణయం ప్రకారం జన్యుమార్పిడి పంటలకు ఉన్న కఠిన నిబంధనలు దీనికి వర్తించవు. రకం ప్రభుత్వ సంస్థది, పైగా హైబ్రిడ్ కాదు. కానీ సవరణకు వాడిన క్రిస్పర్ పనిముట్టు మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. కాబట్టి వాణిజ్యంగా అమ్మేటప్పుడు లైసెన్సు షరతులు ఏమిటో, రైతు గింజ దాచుకోవడానికి ఏదైనా అడ్డు ఉందో విత్తనం కొనే ముందే అడగాలి. దీనికి రాతపూర్వక జవాబు ఇవ్వాల్సింది ఆ సంస్థలే.

మా ఊరి పాత రకాలను ఎవరైనా తమ పేరున చేసుకోకుండా ఎలా కాపాడుకోవాలి?

వంగడాల చట్టం కింద రైతు రకాలను రైతులు గానీ, రైతు సంఘాలు గానీ రిజిస్టర్ చేసుకోవచ్చు. దరఖాస్తు రుసుము లేదు. మామూలు పంటలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగజాతులకు 18 ఏళ్లు రక్షణ ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి విషయంలో కొంత గందరగోళం ఉంది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, విత్తనాన్ని కాదు. ఆ గుర్తింపు పరిధి బయట ఎవరైనా అదే గింజ విత్తి పండిస్తే ఆపలేం. దాన్ని వరంగల్ చపాటా అని అమ్మితే ఆపవచ్చు. విత్తనం మీద హక్కు కావాలంటే రకాన్ని విడిగా రిజిస్టర్ చేయించాలి. దరఖాస్తుకు గింజ నమూనా, రకం లక్షణాల వివరాలు కావాలి. వీటి విషయంలో ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి.